గోధుమ చేల మధ్య అంతరిక్ష నౌక: ప్రెయిరీ ఊళ్లకు అంత పెద్ద బొమ్మలెందుకు?

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో, కాల్గరీకి ఆగ్నేయంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో వల్కన్ అనే ఊరుంది. 2021 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 1,769 మంది. చుట్టూ గోధుమ, బార్లీ, కనోలా చేలు. కనోలా అంటే ఆవాల కుటుంబానికి చెందిన నూనె పంట. జూలైలో పూతకొస్తే కనుచూపు మేర పసుపు పరిచినట్టే. ఆ ఊరి అంచున, 23వ నంబరు హైవే పక్కన, ఒక దిమ్మె మీద 31 అడుగుల అంతరిక్ష నౌక నిలబడి ఉంటుంది. కింద పలక మీద మూడు భాషల్లో స్వాగతం రాసి ఉంటుంది: ఇంగ్లీషు, వల్కన్, క్లింగన్. చివరి రెండూ స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్‌లో గ్రహాంతరవాసులు మాట్లాడేవి.

ఎందుకిలా అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. సీరియల్‌లో స్పాక్ అనే పాత్ర పుట్టిన గ్రహం పేరు, ఈ ఊరి పేరు ఒకటే కాబట్టి. అది నిజమే గాని సగమే. ఎందుకంటే అదే అల్బర్టాలో వెగ్రవిల్ అనే ఊరి దగ్గర మూడంతస్తులకు మించిన ఈస్టర్ గుడ్డు ఉంది. దానికి దగ్గర్లోని మండేర్‌లో 42 అడుగుల సాసేజ్ ఉంది. గ్లెండన్‌లో ఫోర్కుకు గుచ్చిన పెరోగీ ఉంది (మన కజ్జికాయ ఆకారంలో ఉండే ఉడికించిన వంటకం). సెయింట్ పాల్ అనే ఊళ్లో 1967లో ఎగిరే పళ్లాలు దిగడానికి వేదిక కట్టి, సాక్షాత్తూ దేశ రక్షణమంత్రి చేత ప్రారంభం చేయించారు. వీటిలో ఏ ఒక్కదాన్నో ఊరి పేరుతో, ఏ ఒక్కరి పిచ్చితోనో వివరించవచ్చు. అన్నింటినీ కలిపి వివరించాలంటే మాత్రం స్టార్ ట్రెక్‌ని పక్కనపెట్టి గోధుమల దగ్గరకి వెళ్లాలి.

ప్రెయిరీ అంటే ఉత్తర అమెరికా ఖండం మధ్యలో చెట్టూ చేమా పెద్దగా లేని గడ్డి మైదానం. కెనడాలో ఈ నేలను పంతొమ్మిదో శతాబ్దం చివర్లో 160 ఎకరాల ముక్కలుగా కొలిచి, 10 డాలర్ల ఫీజు కట్టి సాగు చేసుకునేవాళ్లకు ఇచ్చారు. రైల్వే కంపెనీలు పట్టాలు వేసుకుంటూ పోయాయి. ఇక్కడ చాలా ఊళ్లు నది ఒడ్డునో, గుడి చుట్టూనో, సంత చుట్టూనో పెరిగినవి కావు. గుర్రపుబండిలో ధాన్యం వేసుకుని రైతు ఒక్కరోజులో పోయి రాగల దూరం ఎంతో లెక్క చూసి, సుమారు పది, పదిహేను కిలోమీటర్లకు ఒకటి చొప్పున రైలు మార్గం వెంట పెట్టినవి. ఊరు పెట్టడానికి కారణం ధాన్యం ఎక్కించడం. ఆ కారణం కంటికి కనిపించే రూపమే గ్రెయిన్ ఎలివేటర్.

ఎలివేటర్ అంటే ఇక్కడ మనుషుల లిఫ్టు కాదు. ఏడెనిమిది అంతస్తుల ఎత్తున్న చెక్క గోదాము. రైతు తెచ్చిన ధాన్యాన్ని కింద గొయ్యిలో పోస్తే, బెల్టుకు కట్టిన చిన్న బకెట్లు దాన్ని పైకి మోస్తాయి. అక్కణ్ణుంచి అరల్లోకి జారుతుంది, రైలు వచ్చాక పెట్టెల్లోకి జారుతుంది. పైకెత్తడం బకెట్ల పని, కిందికి దించడం గురుత్వాకర్షణది. గోడ మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసేవారు. మనకు దూరాన్నుంచి గుడి గోపురం కనిపిస్తే ఊరొచ్చిందని తెలిసినట్టు, చదును నేల మీద ఎలివేటర్ కనిపిస్తే ఊరొచ్చిందని అక్కడివాళ్లకు తెలిసేది. 1933 నాటికి పశ్చిమ కెనడాలో ఇలాంటివి 5,758 ఉండేవి. వల్కన్‌లో ఒకే వరుసలో తొమ్మిది నిలబడేవి. విన్నిపెగ్‌కు పడమర దిక్కున ఒక్కచోట అన్ని ఇంకెక్కడా లేవని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకునేవారు.

తర్వాత లారీలు వచ్చాయి. పది కిలోమీటర్లకో ఎలివేటర్ అక్కర్లేకపోయింది. 1897లో ప్రభుత్వానికీ కెనడియన్ పసిఫిక్ రైల్వేకీ మధ్య కుదిరిన క్రోస్ నెస్ట్ ఒప్పందం పుణ్యమా అని ధాన్యం రైలు ఛార్జీలు చాలా దశాబ్దాలు తక్కువగానే ఉన్నాయి. రూపం మారుతూ వచ్చిన ఆ రాయితీ 1995 ఆగస్టులో పూర్తిగా ఆగిపోయింది. పూర్తి ఛార్జీ రైతు మీద పడ్డాక, ధాన్యం కంపెనీలు ప్రధాన రైలు మార్గాల పక్కన భారీ కాంక్రీటు టెర్మినళ్లు కట్టుకుని, చిన్న ఊళ్ల చెక్క ఎలివేటర్లను వందల్లో కూల్చేశాయి. బ్రాంచి లైన్ల పట్టాలు పీకేశారు. ఇప్పుడు వల్కన్‌లో ఆ తొమ్మిదింటి వరుస లేదు.

వల్కన్ అంతరిక్ష నౌక పేరు ఎఫ్ఎక్స్6-1995-ఎ. ఎఫ్ఎక్స్6 అనేది ఆ ఊరి చిన్న విమానాశ్రయం కోడ్. 1995 ఆవిష్కరించిన సంవత్సరం. ఎ అంటే మొదటి నౌక అని. రాయితీ పోయిన ఏడాదే నౌక వచ్చింది. ఒకటి రెండోదానికి కారణం అని నేననను. ఎలివేటర్ల కాలం ముగుస్తోందని అప్పటికి అందరికీ తెలుసు, ఊరికి ఇంకేదో ఆధారం వెతకాలన్న ఆలోచన చాలా చోట్ల నడుస్తోంది. కానీ ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నౌక కొత్త ఎలివేటర్‌లా కనిపిస్తుంది నాకు. దూరాన్నుంచి కనబడటం, ఊరి పేరు చెప్పడం, దారిన పోయేవాణ్ణి ఆపడం, ఎలివేటర్ చేసిన ఈ మూడు పనుల్నీ ఇప్పుడది చేస్తోంది. ధాన్యం మాత్రం ఎక్కించదు.

పేరు సంగతికొస్తే, వల్కన్ అని పెట్టింది కెనడియన్ పసిఫిక్ రైల్వే సర్వేయరు. రోమన్ల అగ్నిదేవుడి పేరది. వీధులకు కూడా జూనో, మార్స్, జూపిటర్ అని దేవతల పేర్లే పెట్టారు మొదట్లో. టీవీ సీరియల్ 1966లో మొదలైంది. ఊరికి అంతకుముందే వేరే రకంగా కాస్త పేరొచ్చింది. 1927 జూలైలో పెద్ద సుడిగాలి వచ్చి చాలా ఇళ్లను, కొత్తగా కట్టిన కర్లింగ్ రింకును (మంచు మీద రాళ్లు జార్చి ఆడే ఆట కోసం కట్టిన హాలు) నేలమట్టం చేసింది. ఆ సుడిగాలి ఫొటో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఆ అంశం కిందకి ఎక్కింది. దానికి బొమ్మ కట్టాలని ఎవరికీ తోచలేదు మరి!

నౌకను టీవీలో ఉన్నదానికి అచ్చు నకలుగా తీయలేదు, పోలిక మాత్రం తెలుస్తుంది. ఇలాంటి సందర్భాల్లో కాపీరైట్ పెద్ద తలనొప్పి. ఊరి గుర్తింపుని ఇంకొకరి ఆస్తి మీద కడితే, ఆ యజమాని ఏ రోజైనా వద్దనొచ్చు. వల్కన్ ఆ చిక్కుని ఓపికతో దాటింది. 1998లో నౌక ఆకారంలోనే పర్యాటక కేంద్రం కట్టారు. ప్రతి జూన్‌లో జరిగే ఊరి పండగ పేరు స్పాక్ డేస్. 2009లో కొత్త స్టార్ ట్రెక్ సినిమా ప్రీమియర్ మా ఊళ్లో వేయండని స్టూడియోని అడిగారు. తీరా చూస్తే ఊళ్లో సినిమా హాలే లేదు. చివరికి లాటరీలో పేరొచ్చినవాళ్లు కాల్గరీ వెళ్లి చూశారు. ఈ కథ చదివి ముచ్చటపడ్డ లియొనార్డ్ నిమోయ్, అంటే స్పాక్ పాత్ర వేసిన నటుడు, 2010 ఏప్రిల్‌లో స్వయంగా వచ్చి ఊరేగింపులో పాల్గొన్నాడు. కంచులో తన అరచేతి ముద్ర వేసి వెళ్లాడు. సీరియల్ హక్కులున్న సీబీఎస్ సంస్థ ఆ ఏడాదే ఈ ఊరిని కెనడా స్టార్ ట్రెక్ రాజధానిగా అధికారికంగా గుర్తించింది. అంటే బొమ్మ పెట్టిన పదిహేనేళ్లకు అనుమతి ఇంటికి నడిచొచ్చింది. ఆ పదిహేనేళ్లూ ఊరు వేషం విప్పలేదు. ఈ మొత్తం కథలో నాకు అసలు గొప్పగా అనిపించేది అదే.

అమ్మేసిన విమానం

వల్కన్‌కు పడమరన నాంటన్ అనే ఇంకో చిన్న ఊరుంది. ఇది కాల్గరీ నుంచి లెత్‌బ్రిడ్జ్ వైపు పోయే 2వ నంబరు హైవే మీదే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కామన్వెల్త్ దేశాల పైలట్లకు ఈ మైదానాల్లో శిక్షణ ఇచ్చారు. చదును నేల, తెరిపి ఆకాశం, శత్రు విమానం రాలేనంత దూరం, ఇంకేం కావాలి? వల్కన్ దగ్గర కూడా అలాంటి శిక్షణ స్థావరం ఉండేది. యుద్ధం అయిపోయాక వాడకం తీరిన లాంకాస్టర్ బాంబర్ విమానం ఒకటి ఆ పాత స్థావరంలో పడి ఉంది. 1960లో నాంటన్‌వాళ్లు ముగ్గురు దాన్ని 513 డాలర్లకు కొన్నారు. పొలాలకు అడ్డంబడి లాక్కుంటూ తమ ఊరికి తెచ్చి హైవే పక్కన నిలబెట్టారు. వాళ్ల ఉద్దేశం మ్యూజియం కాదు, దారిన పోయేవాళ్లు ఆగుతారని.

రెక్కల పొడవు 31 మీటర్లున్న విమానం రోడ్డు పక్కన ఉంటే ఎవరైనా ఆగుతారు. ఆగారు. కానీ ఎండకూ మంచుకూ అది పాడైపోతూ వచ్చింది. 1986లో స్థానికులు సొసైటీగా ఏర్పడ్డారు. క్రమంగా అది బాంబర్ కమాండ్ (అంటే యుద్ధకాలపు బ్రిటన్ బాంబర్ విమానాల దళం) మ్యూజియంగా పెరిగింది. ఇప్పుడు ఆ విమానం ఎగరదు గాని, నాలుగు ఇంజన్లూ మళ్లీ తిరుగుతున్నాయి, ప్రత్యేక రోజుల్లో స్టార్ట్ చేసి వినిపిస్తారు. యుద్ధంలో చనిపోయిన పదివేల మందికి పైగా కెనడా వైమానిక సిబ్బంది పేర్లు చెక్కిన స్మారకం కూడా అక్కడే ఉంది. నాంటన్ తన పాత ఎలివేటర్లు మూడింటిని కూల్చనివ్వకుండా కాపాడుకుని, వాటిలోనూ ప్రదర్శనశాల పెట్టింది.

వల్కన్ గడప దగ్గరున్న నిజమైన విమానం పక్క ఊరికి పోయింది. ముప్పై అయిదేళ్ల తర్వాత వల్కన్ ఊహా విమానం కట్టుకుంది. ఇందులో వల్కన్‌ని తప్పుపట్టడానికేం లేదు. ఎలివేటర్లు తొమ్మిదీ నిండుగా నడుస్తున్న 1960లో ఆ ఊరికి బొమ్మ అవసరం లేదు.

గుడ్డు, ఆఫీసు

అన్నింట్లోకీ వెగ్రవిల్ గుడ్డు దగ్గర కాసేపు ఆగాలి. అల్బర్టా రాజధాని ఎడ్మంటన్‌కి తూర్పున సుమారు వంద కిలోమీటర్లు, ఎల్లోహెడ్ హైవే పక్కన ఉంటుంది. 1890ల నుంచి యుక్రెయిన్ రైతులు గుంపులుగా వచ్చి స్థిరపడిన ప్రాంతం ఇది. తేనెమైనంతో గుడ్డు మీద గీతలు గీసి, ఒక్కో రంగులో ముంచి తీస్తూ చేసే పిసంకా అనే ఈస్టర్ గుడ్డు వాళ్ల ఇళ్లల్లో తరాల నాటి పని. రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీసు దళం శతజయంతి సందర్భంగా ఏదైనా కట్టుకోండని నిధులిస్తే, 1975కల్లా ఊరు పిసంకా కట్టుకుంది.

కట్టడం మాటల్లో చెప్పినంత తేలిక కాలేదు. గుడ్డు గోళం కాదు. ఒక కొసన మొద్దు, ఇంకో కొసన సన్నం, వంపు అడుగడుగునా మారుతుంది. దాన్ని చదును రేకులతో పేర్చడానికి తయారుగా ఉన్న సూత్రమేదీ పనికి రాలేదు. చివరికి యూటా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ పనిచేస్తున్న రాన్ రెష్ దగ్గరకు వెళ్లారు. కాగితం మడతలతో క్లిష్టమైన ఆకారాలు తీయడంలో ఆయన అప్పటికే దిట్ట. కంప్యూటర్ మీద గుడ్డును లెక్కగట్టి, ఒకే కొలత ఉన్న 2,208 త్రికోణాలు, 524 నక్షత్రాకారపు పలకలు వాడి మొత్తం తొడుగు పేర్చాడు. త్రికోణాలన్నీ ఒకటే, వంపుకు తగ్గట్టు నక్షత్రాల వెడల్పే కొద్దికొద్దిగా మారుతుంది. బోల్టులు, నట్లు 6,978. అల్యూమినియం పలకలకు బంగారం, వెండి, కంచు రంగులు. సుమారు 2,300 కిలోల ఆ గుడ్డు గాలివాటానికి దిమ్మె మీద మెల్లగా తిరుగుతుంది. ప్రెయిరీ గాలికి అంత పెద్ద వస్తువుని బిగించి నిలబెట్టడం కంటే తిరగనివ్వడమే తెలివి. 1978లో ఎలిజబెత్ రాణి కూడా వచ్చి చూసి వెళ్లింది.

రోడ్డు పక్క బొమ్మ అంటే ఫైబర్‌గ్లాసు పోతపోసిన నాసిరకం పని అనుకునేవాళ్లు ఇది చూడాలి. 1975 నాటి కంప్యూటర్‌తో చేసిన ఆ పని ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇప్పటికీ పాఠమే. దీన్ని మెరుగ్గా నిలబెట్టే సంగతి ఇంకోటుంది. పెద్దదిగా ఉండటం దీని గుణాల్లో ఒకటి మాత్రమే. ఆ రూపం, ఆ నక్షత్రాలు అక్కడి ముసలమ్మలు కూర్చుని గీసిన గుడ్ల మీద నుంచి వచ్చినవే.

ఈ ఊరి పేరు తెలుగువాళ్లలో చాలామందికి గుడ్డు వల్ల కాక వేరే రకంగా తెలుసు. కెనడాలో చదువుకునే, పనిచేసే విదేశీయులు వీసా గడువు పెంచుకోవడానికి, వర్క్ పర్మిట్ తీసుకోవడానికి పెట్టే దరఖాస్తులు ఏళ్ల తరబడి చేరింది వెగ్రవిల్‌లోని కేంద్ర ప్రభుత్వ ఇమిగ్రేషన్ ఆఫీసుకే. ఎప్పుడొస్తుందో తెలియని ఉత్తరం కోసం టెన్షన్ పడుతూ, ఆ ఊరు మ్యాప్‌లో ఎక్కడుందో వెతుక్కున్నవాళ్లు ఉన్నారు. ఆ ఆఫీసులో సుమారు 280 మంది పనిచేసేవారు. ఆరు వేలు కూడా లేని జనాభాలో అది ఎంత పెద్ద సంఖ్యో చెప్పక్కర్లేదు. 2016లో ఆఫీసుని ఎడ్మంటన్‌కు మారుస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఊరు గట్టిగా ఎదురుతిరిగినా 2018లో మూసేసింది.

గుడ్డు అక్కడే ఉంది. ఊరికి అన్నం పెట్టింది ఆఫీసు, పేరు పెట్టింది గుడ్డు. ఈ రెంటినీ కలగలిపి, పెద్ద బొమ్మ కడితే ఊరు బాగుపడుతుంది అనుకోవడం దగ్గరే చాలా ఊళ్ల లెక్క తప్పుతుంది.

మరి డబ్బొస్తుందా?

బొమ్మ దగ్గర ఆగే కారు సగటున ఏం చేస్తుందో ఊహించుకోండి. దిగుతారు, ఫొటో తీసుకుంటారు, పిల్లలు ఓ చుట్టు తిరుగుతారు, ఎక్కేస్తారు. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఊరికి ఒక్క డాలరూ రాలదు. పక్కనే బాత్రూమ్, కాఫీ, కొనదగ్గ ఏదో ఒక వస్తువు, లోపలికెళ్లి గంటసేపు చూడదగ్గ చోటు ఉంటే అప్పుడు పెట్రోలు, భోజనం, టికెట్టు రూపంలో వస్తుంది. వల్కన్ పర్యాటక కేంద్రం కట్టిందీ, డ్రమ్‌హెల్లర్ అనే ఊరు 26 మీటర్ల డైనోసార్ బొమ్మ లోపల 106 మెట్లు పెట్టి నోట్లోకి ఎక్కడానికి టికెట్టు పెట్టిందీ ఇందుకే. డ్రమ్‌హెల్లర్‌కు అదృష్టం కూడా తోడయింది. అక్కడ నిజంగానే డైనోసార్ ఎముకలు దొరుకుతాయి, 1985 నుంచి రాయల్ టిరెల్ మ్యూజియం నడుస్తోంది. బొమ్మ వచ్చింది 2000లో. జనం ఆగే ఊరికి బొమ్మ వచ్చింది తప్ప, బొమ్మ వల్ల జనం ఆగడం మొదలవలేదు.

ఈ వ్యాపారం కిటుకు బాగా అర్థమైంది అమెరికాలో, దక్షిణ డకోటాలోని వాల్ అనే ఊళ్లో మందుల షాపు పెట్టుకున్న హస్టెడ్ దంపతులకు. 1931లో కొన్న షాపు అయిదేళ్లయినా సరిగ్గా నడవలేదు. 1936 వేసవిలో డొరతీ హస్టెడ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఎండలో ఈ మైదానం దాటేవాళ్లకు కావాల్సింది మందులు కాదు, చల్లటి నీళ్లు. ఐసు నీళ్లు ఉచితం అని హైవే పక్కన బోర్డులు పెట్టారు. కార్లు వరుస కట్టాయి. నీళ్ల కోసం ఆగినవాడు ఐస్‌క్రీమ్ కూడా కొంటాడు. ఎనభై అడుగుల డైనోసార్ బొమ్మ లాంటివన్నీ తర్వాత వచ్చి చేరాయి. వేయి మంది కూడా లేని ఆ ఊరికి ఇప్పుడు ఏటా లక్షల్లో జనం వస్తారు. ముందు మనిషి అవసరం, తర్వాత బొమ్మ. చాలా ఊళ్లు ఈ వరుసని తిరగేస్తాయి.

అల్బర్టా ఊళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కాల్గరీ నుంచి సెలవు దొరికినవాళ్లు పడమరకు, బాన్ఫ్ కొండల వైపు పోతారు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ అంతే. చుట్టాలొస్తే మొదట చూపించేది కొండలూ సరస్సులే. మైదానం వైపు ఎవరూ బొమ్మ కోసమే బయల్దేరరు, వేరే పని మీద పోతూ ఆగుతారు. కాబట్టి ప్రెయిరీ ఊరి పోటీ బాన్ఫ్‌తో కాదు, తర్వాతి పెట్రోలు బంకుతో.

ప్రపంచంలోకెల్లా పెద్దది అన్న బిరుదు మీద ఆధారపడటం అన్నింటికంటే బలహీనమైన పందెం. పక్క రాష్ట్రం సస్కచవాన్‌లోని మూస్ జా అనే నగరం 1984లో మ్యాక్ అనే 9.8 మీటర్ల కణుజు (ఇంగ్లీషులో మూస్ అనే భారీ జింక) బొమ్మ పెట్టి, లోకంలో ఇదే ఎత్తైనదని చెప్పుకుంది. 2015లో నార్వేలో ఒక హైవే పక్కన, నిద్రమత్తులో నడిపే డ్రైవర్లు కాస్త ఆగుతారని, 10.1 మీటర్ల ఉక్కు కణుజు నిలబెట్టారు. ముప్పై సెంటీమీటర్లతో బిరుదు పోయింది! 2019లో ఈ సంగతి బయటికొచ్చి రెండు దేశాల మీడియాలో సరదా యుద్ధం నడిచింది. ఒక బీరు కంపెనీ 25,000 డాలర్లు ఇచ్చింది. మ్యాక్‌కు కొత్త కొమ్ములు పెట్టి మళ్లీ ఎత్తు పెంచారు. ప్రచారం బాగానే దొరికింది, నిజమే. కానీ రేపు ఇంకెవరో ఇంకో అడుగు పెంచితే? వెగ్రవిల్‌కి ఈ భయం లేదు. ఇంకెక్కడైనా ఇంతకంటే పెద్ద గుడ్డు కట్టినా ఈ గుడ్డు ఈ ఊరిదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ చదును నేల మీద దూరాన్నుంచి కనిపించే గుర్తు నిలబెట్టడం రైల్వేతో మొదలైన పని కాదు. వల్కన్‌కు తూర్పు దిక్కున, బో నదికి చేరువలో, మేజర్‌విల్ దగ్గర ఒక గుట్ట మీద రాళ్ల కుప్ప, దాని చుట్టూ చక్రం ఆకుల్లా పేర్చిన రాళ్ల వరుసలు ఉన్నాయి. వాటిలో పాత భాగం సుమారు 5,000 ఏళ్ల నాటిదని తవ్వకాల్లో తేలింది. ఈ నేల ఆదివాసులైన బ్లాక్‌ఫుట్ ప్రజలకు అది పవిత్ర స్థలం. 1877లో ప్రభుత్వంతో 7వ నంబరు ఒడంబడిక మీద సంతకాలయ్యాక ఈ నేల వాళ్ల చేతుల్లోంచి పోయింది, తర్వాతే 160 ఎకరాల ముక్కలు, రైలు, ఎలివేటర్లు. సరదా బొమ్మల కథలు రాసేవాళ్లు ఈ వరుసని చాలావరకు వదిలేస్తారు. మేజర్‌విల్ రాళ్లు హైవే నుంచి కనిపించవు. అవి దారిన పోయేవాణ్ణి ఆపడానికి పెట్టినవి కావు, అక్కడికి వెళ్లాల్సినవాళ్లకు ఎక్కడికి వెళ్లాలో తెలుసు.

ఇప్పుడు వల్కన్ కౌంటీలో, అంటే ఊరి చుట్టూ ఉన్న గ్రామీణ పాలనా ప్రాంతంలో, కొత్త వస్తువులు వచ్చాయి. 2014 నుంచి బ్లాక్‌స్ప్రింగ్ రిడ్జ్ దగ్గర 166 గాలిమరలు తిరుగుతున్నాయి. 2022లో పూర్తయిన ట్రావర్స్ సోలార్ ప్రాజెక్టు 465 మెగావాట్లది, పలకలు సుమారు పదమూడు లక్షలు, కట్టేనాటికి కెనడాలో అంతకంటే పెద్దది లేదు. ఊరి నౌకతో పోలిస్తే ఇవి ఎన్నో రెట్లు పెద్దవి, ఎత్తైనవి. వీటి మీద పన్ను కౌంటీకి చేరుతుంది. వీటి ముందు ఆగి ఫొటో తీసుకునేవాళ్లు మాత్రం తక్కువ.

కాల్గరీలో ఉండి ఒక్కరోజు ఖాళీ చేసుకోగలిగినవాళ్లకు చిన్న సూచన. పొద్దున్నే 2వ హైవే పట్టుకుని నాంటన్ వెళ్లండి. మ్యూజియంలో లాంకాస్టర్, పక్కనే ఎలివేటర్లు చూసేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఎలివేటర్ లోపలికి తప్పకుండా వెళ్లండి, ఆ ధూళి వాసన, ఆ చెక్క అరలు చూశాకే మిగతా బొమ్మల సంగతి అర్థమవుతుంది. అక్కణ్ణుంచి తూర్పుకు తిరిగితే గంటలోపే వల్కన్. భోజనం ఆ ఊళ్లోనే చేయండి.